పిడుగు పడితే కంప్యూటరు ఎందుకు కాలుతుంది? – ధూల్‌పేట్ ఇళ్ళ నుంచి మన సంఘాలకు ఒక పాఠం

సంఘాల కార్యదర్శులకు, పాలక వర్గ సభ్యులకు, పాడి రైతు సోదర సోదరీమణులకు ఈ పాఠం ఉద్దేశించబడినది.

నేడు చాలా సంఘాల లెక్కలు కంప్యూటరులోనికి చేరాయి. పాలు పోసే సభ్యుని నంబరు నొక్కగానే తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర వరుసగా నమోదై చిట్టీ చేతికి వస్తున్నది. పూర్వం కార్యదర్శి రెండు రాత్రులు కూర్చుని కూడిన పక్షం బిల్లు కొద్ది నిమిషాలలో తయారవుతున్నది. ఇది సంతోషించదగిన మార్పే. అయితే పదిహేను రోజుల లెక్క అంతా ఒక్క యంత్రంలో ఉన్నప్పుడు, ఆ యంత్రం ఒక్క క్షణంలో పోతే ఎవరు ఎన్ని లీటర్లు పోశారో చెప్పేవారు ఉండరు. తగాదా అక్కడే మొదలవుతుంది. సభ్యులకు సంఘంపై ఉన్న నమ్మకం అక్కడే సడలుతుంది.

యంత్రం అలా క్షణంలో పోవడానికి ముఖ్య కారణాలలో పిడుగు ఒకటి. పిడుగు అనగానే మన సభ్యులకు చెట్టు కింద కట్టిన గేదె చనిపోవడం గుర్తుకు వస్తుంది. ఆ గేదె ఎందుకు చనిపోయిందో సరిగా తెలుసుకుంటే, కంప్యూటరు ఎందుకు కాలిందో కూడా తెలుస్తుంది. రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే.

పిడుగు బలం ఎంత?

మేఘంలో పోగుపడిన విద్యుత్తు భూమిని చేరడమే పిడుగు. ఒక సాధారణమైన పిడుగులో ప్రవహించే కరెంటు సుమారు 30,000 ఆంపియర్లు. మన ఇంటి మీటరు వద్ద ఉండే ఫ్యూజు 15 లేక 30 ఆంపియర్లకు పనిచేస్తుంది. దీనిని బట్టి తేడా గ్రహించవచ్చు. ఈ కరెంటు సెకనులో లక్షల వంతుల కాలంలోనే శిఖరానికి చేరి, ఆ తరువాత అంతకంటె కొంత నెమ్మదిగా తగ్గిపోతుంది.

పిడుగులు మన ప్రాంతానికి కొత్త కాదు. వేసవిలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల సాయంకాలాలలోనూ, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనూ ఇవి ఎక్కువ. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ అధికారులు లెక్కించారు. అన్ని పిడుగులూ ఇళ్ళ మీద పడవు. కానీ ఇంటిమీద పడకుండానే ఇంటిలోని యంత్రాన్ని కాల్చగల శక్తి పిడుగుకు ఉంది. అది ఎలాగో చూద్దాం.

గేదె నాలుగు కాళ్ళు

పిడుగు చెట్టుమీద పడినప్పుడు కరెంటు వేళ్ళ ద్వారా నేలలోకి దిగి నలువైపులా పాకుతుంది. చెట్టు మొదలు దగ్గర వోల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గేదె ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య సుమారు ఒకటిన్నర మీటర్ల ఎడం ఉంటుంది. ముందు కాళ్ళ కింద ఒక వోల్టేజి, వెనుక కాళ్ళ కింద మరొక వోల్టేజి. ఆ తేడా వల్ల కరెంటు ఒక జత కాళ్ళ నుండి ఎక్కి, గుండె మీదుగా పోయి, రెండవ జత కాళ్ళ నుండి దిగుతుంది. అదే చోట పాదాలు దగ్గరగా పెట్టి నిలబడిన మనిషికి ప్రమాదం కొంత తక్కువ, కారణం అతని పాదాల మధ్య ఎడం తక్కువ.

కాబట్టి ముఖ్యమైన విషయం ఇది: వోల్టేజి ఎక్కువగా ఉండడం ఒక్కటే చంపదు. ఒకే శరీరం రెండు వేరు వేరు వోల్టేజిల మీద కాళ్ళు మోపి ఉండడం చంపుతుంది. కంప్యూటరుకూ కాళ్ళు ఉన్నాయి. ఒక కాలు కరెంటు ప్లగ్గు. రెండవ కాలు ఇంటర్నెట్ తీగ. టెలిఫోను తీగ, కేబుల్ టీవీ తీగ ఉంటే అవి మరి రెండు కాళ్ళు.

ధూల్‌పేట్ డాబాల మీద

ధూల్‌పేట్ హైదరాబాదు పాతబస్తీలో పురానాపూల్, మంగళ్‌హాట్ పరిసరాలలోని పేట. సంక్రాంతి గాలిపటాలకు, వినాయక చవితి విగ్రహాలకు పేరు పొందింది. సందులు ఇరుకు. ఇల్లు ఇంటికి ఆనుకొని ఉంటుంది. చదువుల కోసం నగరానికి వెళ్ళిన మన సభ్యుల పిల్లలు అద్దె గదులు తీసుకునే ఇటువంటి పేటలలో కంప్యూటర్లు, ఇంటర్నెట్ పెట్టెలు ఎలా అమర్చి ఉన్నాయో మేము శ్రద్ధగా గమనించాము. మన సంఘాలలో జరిగేదే అక్కడ మరింత స్పష్టంగా కనిపించింది.

ఇంటర్నెట్ తీగ డాబా మీది నుండి డాబా మీదికి, నీళ్ళ ట్యాంకుకు చుట్టి, పిట్టగోడ మీదుగా సాగుతుంది. ఎక్కడో ఒక డాబా మీద ఇనుప డబ్బాలో పంపిణీ పెట్టె ఉంటుంది. ఆ పెట్టెకు కరెంటు ఆ ఇంటి నుండి వస్తుంది. అక్కడి నుండి రాగి తీగ నాలుగు ఇళ్ళ అవతల ఉన్న గదిలోని కంప్యూటరుకు వస్తుంది. ఈ కంప్యూటరుకు కరెంటు ఈ ఇంటి నుండి వస్తుంది. అనగా రెండు ఇళ్ళ విద్యుత్తును ఒక సన్నని రాగి తీగ ముడివేసింది. కంప్యూటరు ముందు కాళ్ళు ఒక ఇంటిలో, వెనుక కాళ్ళు మరొక ఇంటిలో ఉన్నాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. సమీపంలో పిడుగు పడింది. దాని 30,000 ఆంపియర్లలో నూటికి ఒక వంతు మాత్రమే, అనగా 300 ఆంపియర్లు, ఒక ఇంటి ఎర్తు గుండా భూమిలోకి పోయాయి అనుకుందాం. ఆ ఎర్తు నిరోధం 10 ఓములు. 300ను 10తో గుణిస్తే 3,000. ఆ క్షణంలో ఆ ఇంటి ఎర్తు, దానికి కలిపిన సమస్తమూ 3,000 వోల్టుల ఎత్తుకు లేస్తాయి. నాలుగు ఇళ్ళ అవతల ఎర్తు దాదాపు సున్నా వద్దనే ఉంది. ఈ 3,000 వోల్టుల తేడా ఇంటర్నెట్ తీగ మీద పడుతుంది. కంప్యూటరులో ఈ తీగ గుచ్చే చోట లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఈథర్‌నెట్ ప్రమాణం ప్రకారం వాటి రక్షణ 1,500 వోల్టుల పరీక్షకు తట్టుకోవాలి. దానికి రెట్టింపు వచ్చినప్పుడు ఆ రక్షణ చిట్లుతుంది. దాని వెనుక ఉన్న చిప్పులు 3.3 వోల్టులు, 5 వోల్టులతో పనిచేసేవి. అవి ఆ క్షణంలోనే బూడిద.

ఇటువంటి ఇంటిలో ఒక విచిత్రం కనబడుతుంది. బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, కంప్యూటరు తెర కూడా వెలుగుతుంది. ఇంటర్నెట్ మాత్రం రాదు. కరెంటు మనిషి వచ్చి చూసి, లైను బాగానే ఉంది, పిడుగు కాదు అంటాడు. నిజానికి దెబ్బ కరెంటు తీగ నుండి కాక ఇంటర్నెట్ తీగ నుండి వచ్చింది. మన సంఘాలలో తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం, బయట గోడకు తగిలించిన అంకెల బోర్డు, కంప్యూటరు అన్నీ తీగలతో కలిసి ఉంటాయి. బల్క్ కూలరు వేరే గదిలో ఉంటే అక్కడికి కూడా తీగ పోతుంది. ధూల్‌పేట్ డాబాకూ మన సంఘ భవనానికీ ఈ విషయంలో భేదం లేదు.

తీగకు తాకకుండానే

తీగను పిడుగు తాకనవసరం లేదు. 1831లో ఇంగ్లాండులో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రం ఇందుకు కారణం. అయస్కాంత బలం మారుతున్న చోట తీగ ఉంటే ఆ తీగలో వోల్టేజి పుడుతుంది. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేది ఈ సూత్రం మీదనే. పిడుగు కరెంటు ఎంత వేగంగా పెరుగుతుందో చుట్టూ ఉన్న అయస్కాంత బలం అంత వేగంగా మారుతుంది. కొన్ని వందల మీటర్ల దూరంలో పిడుగు పడినా, డాబాల మీద పొడవుగా సాగిన తీగలో హాని చేయగల వోల్టేజి పుట్టవచ్చు. తీగ ఎంత పొడవో, ఎంత ఎత్తున ఉందో, ప్రమాదం అంత.

నమ్మి మోసపోయేవి

ఫ్యూజు, ఎం.సి.బి. – ఇవి తీగలు వేడెక్కి మంట పుట్టకుండా కాపాడుతాయి. తెగడానికి సెకనులో వెయ్యవ వంతులు పడుతుంది. పిడుగు పని అంతకు ముందే ముగుస్తుంది.

స్టెబిలైజరు – నెమ్మదిగా పెరిగే, తగ్గే వోల్టేజిని సరిచేస్తుంది. పిడుగును చూడలేదు.

యు.పి.ఎస్. – కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడుపుతుంది. కొంత రక్షణ ఉన్నా కరెంటు కాలికి మాత్రమే. ఇంటర్నెట్ కాలు బయటే ఉంది.

భవనం మీది పిడుగు కడ్డీ – గోడలు, కప్పు పగలకుండా కాపాడుతుంది. లోపలి కంప్యూటరును కాపాడే బాధ్యత దానిది కాదు. పైగా భూమికి సరిగా కలపని కడ్డీ కీడు చేస్తుంది. 1752లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటంతో మేఘాల విద్యుత్తును పరీక్షించిన సంగతి పాఠశాల పిల్లలకు తెలుసు. మరుసటి ఏడు 1753లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త, భూమికి కలపకుండా ఉంచిన కడ్డీ వద్ద అటువంటి పరీక్ష చేస్తూ పిడుగు దెబ్బకు మరణించాడు. తీసుకురావడం సులభం, దారి చూపి సాగనంపడమే ముఖ్యం.

చేయవలసిన పనులు

1. కాళ్ళు తీసివేయడం. ఇంతకంటె నమ్మకమైన రక్షణ లేదు. మబ్బు పట్టగానే, ఉరుములు దగ్గరకు రాకముందే, కరెంటు ప్లగ్గును గోడ నుండి పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చి ఒక్క తీగను మాత్రమే విడదీస్తుంది, ఆ కొద్ది ఎడాన్ని పిడుగు దూకగలదు. ఇంటర్నెట్ తీగను కూడా పీకాలి. ఒక కాలు తీసి మరొకటి వదిలితే ప్రయోజనం సగమే. రాత్రి సంఘం మూసి వెళ్ళేటప్పుడు ప్రతి రోజూ ఇలా చేయడం అలవాటు కావాలి.

2. తీగ లేని మార్గం. ఇంటర్నెట్ పెట్టె నుండి కంప్యూటరుకు రాగి తీగ బదులు వైఫై వాడితే ఒక కాలు శాశ్వతంగా పోయినట్లే. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడుపుకోవచ్చు. అప్పుడు దానికి కాళ్ళే లేవు. ధూల్‌పేట్ వంటి చోట అద్దె గదిలో ఉండే విద్యార్థికి ఖర్చు లేని ఉపాయం ఇది.

3. గాజు తీగ. భవనం నుండి భవనానికి పోయే చోట రాగి తీగ బదులు ఫైబరు వేయించాలి. గాజు విద్యుత్తును మోయదు. కానీ కొన్ని ఫైబరు తీగలలో బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. దానిని లోపలికి రానీయక గోడ బయటనే ఆపాలి. ఫైబరు చివర ఉండే పెట్టెకు కరెంటు ప్లగ్గు ఉంటుందని మరువరాదు.

4. ఒకే ఎర్తు. కంప్యూటరు, తూకం యంత్రం, పరీక్ష యంత్రం, ఇంటర్నెట్ పెట్టె అన్నిటికీ కరెంటు ఒకే బోర్డు నుండి, ఎర్తు ఒకే చోటి నుండి రావాలి. గేదె నాలుగు కాళ్ళూ ఒకే చాప మీద పెట్టినట్లు. చాప మొత్తం పైకి లేచినా కాళ్ళ మధ్య తేడా ఉండదు. కంప్యూటరుకు ప్రత్యేకమని వేరొక గొయ్యి తీసి, మొదటి దానితో కలపకుండా వదలడం పెద్ద పొరపాటు.

5. ఎర్తు నిజంగా ఉందా? ఎర్తింగు పద్ధతులను ఐ.ఎస్. 3043 అనే భారతీయ ప్రమాణం వివరిస్తుంది. గొట్టం ఎర్తు అయితే గొట్టం పొడవు రెండున్నర మీటర్లకు తగ్గరాదు. వేసవిలో నేల ఎండినప్పుడు గొయ్యిలో నీరు పోయాలి. పాత ఇళ్ళలో ఎర్తు తీగను ఇనుప నీటి గొట్టానికి చుట్టిన చోట్లు ఉన్నాయి. తరువాత ఆ గొట్టం తీసి ప్లాస్టిక్ గొట్టం వేశారు. తీగ అక్కడే వేలాడుతున్నది, ఎర్తు మాత్రం పోయింది. మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నంత మాత్రాన మూడవ దాని వెనుక తీగ ఉన్నదని అనుకోరాదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత ఏటా వేసవికి ముందు నిరోధం కొలిపించి రిజిస్టరులో వ్రాయించాలి.

6. సర్జ్ ప్రొటెక్టరు. వోల్టేజి హద్దు మీరగానే కరెంటును ఎర్తులోకి మళ్ళించే సాధనం ఇది. మెయిన్ బోర్డు వద్ద ఒకటి, కంప్యూటరు దగ్గర ఒకటి, ఇంటర్నెట్ తీగకు వేరుగా ఒకటి ఉండాలి. మొదటి నియమం: ఎర్తు లేని చోట ఇది చాలావరకు అలంకారమే. రెండవ నియమం: దీనిని కలిపే తీగ వీలైనంత పొట్టిగా, అర మీటరు లోపు ఉండాలి. ఒక మీటరు తీగలో కరెంటు మైక్రోసెకనుకు వెయ్యి ఆంపియర్ల చొప్పున పెరిగితే, ఆ తీగ మీదనే సుమారు వెయ్యి వోల్టులు నిలుస్తాయి. మూడవ నియమం: ఇది దెబ్బలు తిని అరిగిపోతుంది. దాని సూచన దీపాన్ని నెలకొకసారి చూసి, ఆరిపోతే మార్చాలి.

ప్రాణం ముందు, యంత్రం తరువాత

ఉరుములు నెత్తిమీదికి వచ్చిన తరువాత ప్లగ్గు పీకబోవద్దు. ఆ తీగను పట్టుకున్న చేయి కూడా ఒక కాలే. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించే వరకు లెక్కపెట్టండి. ధ్వని ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. లెక్క ముప్పై లోపు ఉంటే మెరుపు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్లు. అప్పటికి తీగలు పీకడం ముగిసి, మనుషులు లోపల ఉండాలి. చివరి ఉరుము తరువాత అర గంట ఆగి మళ్ళీ కలపాలి. గేదెలను ఒంటి చెట్టు కింద కట్టరాదు. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన దామిని అనే మొబైల్ యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ప్రతి కార్యదర్శి దానిని తన ఫోనులో ఉంచుకోవడం మంచిది.

లెక్కల రక్షణ

కాలిన యంత్రాన్ని కొనవచ్చు, పోయిన లెక్కను కొనలేము. ప్రతి పూట సేకరణ ముగియగానే ఆ పూట జాబితా కాగితం మీద అచ్చు వేసి ఫైలులో కట్టాలి. రోజుకొకసారి నకలును పెన్‌డ్రైవులోకి తీసి, కంప్యూటరు నుండి పీకి, బీరువాలో ఉంచాలి. కంప్యూటరుకు గుచ్చి వదిలిన పెన్‌డ్రైవు దానితో పాటే కాలుతుంది. సభ్యులు తమ చిట్టీలను బిల్లు చేతికి వచ్చేవరకు పారవేయరాదు. లెక్క పోయిన రోజున సభ్యుని చేతిలోని చిట్టీయే సాక్ష్యం.

బీమా విషయంలో జాగ్రత్త

సాధారణ అగ్ని బీమా పాలసీలో పిడుగు కూడా ఉన్నదని చాలామంది నిశ్చింతగా ఉంటారు. పిడుగు వల్ల భవనం కూలినా, మంట లేచినా అది వర్తిస్తుంది. కానీ అటువంటి పాలసీల మినహాయింపులలో మరొక మాట ఉంటుంది: అధిక వోల్టేజి, షార్టు సర్క్యూటు వంటి వాటి వల్ల విద్యుత్ యంత్రానికే కలిగిన నష్టం, దానికి కారణం పిడుగే అయినా, చెల్లదు. కంప్యూటరు కాలేది సరిగ్గా ఈ విధంగానే. అందువల్ల ఎలక్ట్రానిక్ పరికరాల బీమా వేరుగా తీసుకోవాలేమో విచారించాలి. ప్రీమియం కట్టక ముందే మినహాయింపుల పేజీ చదివించుకోవాలి. నష్టం జరిగితే కాలిన భాగాలను పారవేయక, ఫొటో తీసి, వెంటనే కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలిపి, మినిట్స్ పుస్తకంలోనూ, డెడ్ స్టాక్ రిజిస్టరులోనూ నమోదు చేయాలి. లేనిచో ఆడిట్‌లో ఆ యంత్రం విలువ అభ్యంతరంగా నిలుస్తుంది.

నమూనా తీర్మానం

పాలక వర్గ సమావేశంలో ఈ విధంగా తీర్మానించుకోవచ్చు: "సంఘ కార్యాలయపు ఎర్తును వేసవికి ముందు కొలిపించుటకును, సర్జ్ ప్రొటెక్టర్లు అమర్చుటకును, ప్రతి రాత్రి కరెంటు, ఇంటర్నెట్ తీగలు రెండింటినీ విడదీయు బాధ్యత కార్యదర్శికిని, ఆయన లేనప్పుడు టెస్టరుకును అప్పగించుటకును, ప్రతి పూట జాబితా అచ్చు ప్రతిని భద్రపరచుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘం కంప్యూటరుకు ఎన్ని కాళ్ళు ఉన్నాయి? ఏ ఏ తీగలు బయటి నుండి వస్తున్నాయి?
2. ఎర్తు 5 ఓములు, దాని గుండా పోయిన కరెంటు 600 ఆంపియర్లు అయితే వోల్టేజి ఎంత లేస్తుంది?
3. బల్బు వెలుగుతూ ఇంటర్నెట్ మాత్రమే పోతే దెబ్బ ఏ దారిన వచ్చినట్లు?
4. ఈ రాత్రి కంప్యూటరు కాలిపోతే రేపు ఉదయం ఏ కాగితం చూసి సభ్యునికి లెక్క చెప్పగలము?

నాలుగవ ప్రశ్నకు సమాధానం లేని సంఘం మిగిలిన పనుల కోసం ఆగకుండా ఈ రోజు సాయంకాలపు సేకరణ నుండే జాబితా అచ్చు వేయడం ప్రారంభించవలసినదిగా కోరుతున్నాము.